గోడకు నెమ్ము... గుండెలో పిల్లికూత

చుట్టూ కాలవలు, పచ్చటి చేలు, కొబ్బరితోటలు. గోదావరి జిల్లాల గాలి అంటే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. అదే గాలి కొందరు పిల్లలకు మాత్రం అర్ధరాత్రి ఆయాసమై కూర్చుంటుంది. అలాంటి పిల్లలున్న ఇంట్లో డాక్టరు పిల్లాణ్ని పరీక్ష చేస్తే, మనం ఇంటిని పరీక్ష చేయాలి!

రాత్రి రెండున్నర. వీధికుక్కలు కూడా సద్దుమణిగాయి. లోపలి గదిలో ఏడేళ్ల పిల్లాడు మంచం మీద లేచి కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, భుజాలు పైకెత్తి గాలి కోసం వెతుక్కుంటున్నాడు. ఊపిరి వదిలినప్పుడల్లా సన్నటి కూత. నాయనమ్మ లేచి గుండెల మీద అమృతాంజనం రాసింది. అమ్మ ఫ్యాను ఆపేసి, చల్లగాలి తగలకుండా కిటికీలన్నీ మూసేసింది. మూలన దోమల కాయిల్ మాత్రం కాలుతూనే ఉంది. నాన్న మోటారుసైకిలు తాళాలు వెతుకుతున్నాడు. ఆర్‌ఎంపీ డాక్టరు గారి తలుపు కొట్టడం ఈ నెలలో ఇది మూడోసారి.

తెల్లారేసరికి పిల్లాడు మామూలే. బడికి మాత్రం సెలవు. 'జలుబు చేసిందండీ' అని మాస్టారికి ఓ చీటీ.

ఈ ఇల్లు అమలాపురంలో ఉండొచ్చు, నరసాపురంలో ఉండొచ్చు, మండపేటలోనో ఆకివీడులోనో ఉండొచ్చు. మీ పక్కింట్లో కూడా ఉండొచ్చు. ఇలాంటి రాత్రుల గురించి మన పెద్దవాళ్లకు ఒక మంచి మాట ఉంది... 'పిల్లాడికి నెమ్ము చేసింది' అంటారు. నెమ్ము అంటే చెమ్మ. గోడకు పట్టేదీ నెమ్మే, పిల్లాడి గుండెల్లో చేరేదీ నెమ్మే. రెంటికీ ఒకే మాట వాడిన వాళ్లకు వైద్యశాస్త్రం తెలియకపోవచ్చు. కానీ చెమ్మ, బూజు పట్టిన ఇళ్లలో పిల్లలకు ఆయాసం, దగ్గు, ఉబ్బసం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రత్యేకంగా ఓ మార్గదర్శకాల పుస్తకమే వేసింది. మన బామ్మలు ఆ మాట ఎప్పుడో అనేశారు!

ఆ పేరెత్తితే ఒట్టు!

'బాబుకి ఉబ్బసమా అండీ?' అని అడిగి చూడండి. 'అబ్బెబ్బే, కాస్త ఈస్నోఫీలియా... అంతే!' అంటారు. ఇంకొందరు 'డస్ట్ పడదు' అంటారు. 'వీడికి చలవ చేస్తుంది' అనేవాళ్లూ ఉన్నారు. ఆడపిల్ల అయితే అసలు నోరే విప్పరు. పదిహేనేళ్ల తర్వాత రాబోయే పెళ్లి సంబంధం కోసం ఇవాళ్టి మందు దాచేస్తారు. ఇన్‌హేలరు బీరువాలో చీరల కింద ఉంటుంది. ఆయాసం వచ్చినప్పుడు తాళంచెవి వెతకాలి!

ఇంతకీ ఈస్నోఫీలియా అంటే? రక్తంలో ఇసినోఫిల్స్ అనే ఒక రకం తెల్లకణాలు ఎక్కువగా ఉన్నాయని. ఎలర్జీ ఉన్నా పెరుగుతాయి, కడుపులో పురుగులున్నా పెరుగుతాయి. అది రక్తపరీక్షలో కనిపించే ఒక సంగతే తప్ప జబ్బు పేరు కాదు.

అయితే ఈ మాట మన నోళ్లలో ఊరికే నానలేదు. దీని వెనక ఆంధ్రదేశపు కథ ఒకటుంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రిలో పనిచేసిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్, డాక్టర్ బార్టన్ 1940లో ఒక వింత జబ్బు గురించి రాశారు. రోగులను చూస్తే క్షయలాగే ఉంది, కానీ క్షయ కాదు. రక్తంలో మాత్రం ఇసినోఫిల్స్ విపరీతం. రాత్రిళ్లు దగ్గు, ఆయాసం, పిల్లికూతలు. తర్వాత తర్వాత తేలిందేమిటంటే, అది ఫైలేరియా పురుగు పిల్లల మీద శరీరం చేసే యుద్ధం. బోదకాలు తెచ్చే పురుగే! దోమలకూ బోదకాలుకూ పేరుపడ్డ మన డెల్టాలో ఈ జబ్బు ఉండటంలో ఆశ్చర్యం లేదు. దానికి మందు డైఇథైల్ కార్బమజీన్. ఏటా ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వచ్చి మింగించిన బోదకాలు మాత్ర అదే. 1947లో ఆ మందును వెలుగులోకి తెచ్చింది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలు నడిపిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం. ఆయన పుట్టింది ఎక్కడో కాదు, మన భీమవరంలోనే, 1895 జనవరి 12న.

ఎక్కువగా పెద్దవాళ్లలో, అప్పుడప్పుడు పిల్లల్లోనూ కనిపించే ఈ జబ్బు సుమారు మూడు వారాల మందుతో తగ్గిపోతుంది. ఉబ్బసానికి ఆ మాత్ర పనిచేయదు. అటు ఉబ్బసం మందు దానికి సరిపోదు. అందుకే పేరు ముఖ్యం. రాత్రిళ్లు దగ్గుతో లేచే పిల్లాడికి రక్తపరీక్ష చేయించమని డాక్టరు అంటే విసుక్కోకండి. దగ్గు రెండు వారాలు దాటితే క్షయ పరీక్ష కూడా చేయించాల్సిందే. ఏదీ కాదని తేలి, 'ఇది ఆస్తమా' అని డాక్టరు చెబితే ఆ మాటను ఆ మాటగానే ఇంటికి తెచ్చుకోవాలి. దారిలో ఈస్నోఫీలియాగా మార్చేయకూడదు!

మార్చేయడం వల్ల ఏమవుతోందో అంకెలే చెబుతున్నాయి. 2022లో ప్రచురితమైన ఒక అధ్యయనం మన దేశంలో పిల్లికూతలున్న వాళ్లను పలకరిస్తే, పదిమందిలో ఎనిమిది మందికి అది ఆస్తమా అని ఎవరూ చెప్పనే లేదు. ప్రపంచంలోని ఆస్తమా రోగుల్లో మనవాళ్లు సుమారు 13 శాతం. ఆస్తమా మరణాల్లో మాత్రం నలభై శాతం పైచిలుకు మనవే! 2019 నాటి అంచనాలివి. రోగం మనకే ఎక్కువ కాదు, మందు మనకు సరిగ్గా అందడం లేదు.

బోదెలో పూడిక

ఉబ్బసంలో లోపల ఏం జరుగుతుందో రైతు ఇంటివాళ్లకు చెప్పడం తేలిక. చేలోకి నీళ్లు తెచ్చే బోదె ఉంది. అడుగున పూడిక పేరుకుంది, గట్లు లోపలికి జారాయి, పైన గుర్రపుడెక్క అల్లుకుంది. నీరు రమ్మంటే ఎలా వస్తుంది? ఊపిరి గొట్టాల్లోనూ అంతే. లోపలి పొర వాచి ఉంటుంది. దుమ్మో పొగో తగలగానే చుట్టూ కండరం బిగుసుకుంటుంది. జిగట పేరుకుంటుంది. ఆ ఇరుకులోంచి గాలి బయటికి పోయేటప్పుడు వచ్చే ఈలే పిల్లికూత.

కాబట్టి మందులూ రెండు రకాలు. అప్పటికప్పుడు కండరాన్ని వదులు చేసేది ఒకటి. గేటు ఎత్తి నీళ్లు వదలడం లాంటిది. రెండోది రోజూ వాడుతూ వాపును తగ్గించేది. అది పూడికతీత. మన ఇళ్లలో మొదటిదే తెలుసు. ఆయాసం వస్తే పీల్చడం, తగ్గగానే పక్కన పడేయడం. పూడిక అలాగే ఉంటుంది! అందుకే అంతర్జాతీయ ఆస్తమా నిపుణుల సంఘం గినా 2019లో తన సలహాను మార్చుకుంది. పన్నెండేళ్లు దాటిన ఎవరికీ గేటు ఎత్తే మందు ఒక్కటే ఇచ్చి ఊరుకోవద్దని, వాపు తగ్గించే మందు కూడా అందాలని చెప్పింది. చిన్నపిల్లల్లోనూ మాటిమాటికీ ఆయాసం వచ్చేవాళ్లకు డాక్టర్లు వాపు తగ్గించే మందే ముందు చూస్తారు.

ఇల్లంతా ఒకసారి తిరిగొద్దాం

బయటి గాలి మొత్తం మన చేతిలో ఉండదు. కోతలప్పుడు నూర్పిళ్ల దుమ్ము, రైసుమిల్లుల ఊక బూడిద, రాజమండ్రి చుట్టుపక్కల ఇటుక బట్టీల పొగ, కోనసీమలో కొబ్బరి పీచు యూనిట్ల పొట్టు, ఖాళీ స్థలం కనిపిస్తే చాలు మొలిచే వయ్యారిభామ పుప్పొడి. వీటికి ఒక్క ఇల్లు ఏం చేయగలదు? అవి ఊరు కలిసి చూడాల్సినవి. లోపల మాత్రం మన రాజ్యమే. రండి, వీధి గుమ్మం నుంచి మొదలెడదాం.

పాత మండువా లోగిలి గుర్తుందా? నడిమింట్లో ఆకాశం కనిపించేది. ఎండ లోపలికి దిగేది, గాలి ఆడేది. అలాగని పాతకాలమంతా బంగారమేం కాదు. వంటింట్లో కళ్లు మండే కట్టెల పొగ, వరండాలో ధాన్యం బస్తాలు, పెరట్లో పశువుల కొట్టం అప్పుడూ ఉన్నాయి. ఇప్పటి డాబా ఇంటి సమస్య వేరు. ప్రహరీకి ప్రహరీ ఆనుకుని కడుతున్నాం. దోమలని కిటికీలు తీయం, ఏసీ అని అసలే తీయం. డెల్టాలో రెండు మూళ్లు తవ్వితే నీళ్లు పడే చోట్లు ఎన్నో. ఆ తడి ఇటుకల్లోంచి గోడెక్కుతుంది. పునాది మీద చెమ్మ ఆపే పొర వేయకుండా కట్టిన ఇళ్లలో అడుగు నుంచి మూడడుగుల దాకా పెచ్చులూడి, తెల్లగా ఉప్పు పూస్తుంది. సంక్రాంతికి దాని మీదే రంగేస్తాం. ఉగాదికి మళ్లీ పైకొస్తుంది.

మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. తెలుగులో బూజు అనే మాటతో ఒక చిక్కుంది. సాలెగూడు పట్టినా బూజే, పచ్చడి మీద తెల్లగా పట్టినా బూజే. ఉబ్బసం పిల్లాడికి ప్రమాదం రెండోది, అంటే శిలీంధ్రం. స్నానాలగది పక్క గోడ మీద, బీరువా వెనక, ట్యాంకు కింద స్లాబు మూలల్లో నల్లటి చుక్కల్లా కనిపిస్తుంది. తడిసిన పుస్తకంలా వాసన వేస్తుంది. చీపురుతో దులిపితే దాని రేణువులు ఇల్లంతా ఎగురుతాయి. సబ్బునీళ్లలో గుడ్డ ముంచి తుడవాలి. తర్వాత బాగా ఆరనివ్వాలి. అన్నిటికంటే ముందు నీరు ఎక్కణ్నుంచి వస్తోందో చూసి ఆపాలి. కారే పైపు బాగు చేయించకుండా ఎన్ని రంగులేసినా దండగే. బీరువాను గోడకు జానెడు దూరం జరపండి. వానాకాలం తడిబట్టలు పిల్లలు పడుకునే గదిలో ఆరేయకండి. పండగ ముందు బూజు దులిపేరోజు ఉబ్బసం ఉన్న పిల్లలను ఆ పూటకు పిన్నిగారింటికో మేనత్తగారింటికో పంపించేయండి. వాళ్లకూ సరదా!

వరద వచ్చి వెళ్లిన ఇళ్ల సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. 1986 ఆగస్టు, 2006 ఆగస్టు, 2022 జులై... లంక గ్రామాల వాళ్లకు ఈ నెలలు నోటికొచ్చు. నీళ్లు తీశాక గోడలు పైకి పొడిగా కనిపించినా లోపల తడి వారాల తరబడి ఉంటుంది. తడిసిన పరుపులు, దిండ్లు ఎండబెట్టి మళ్లీ వాడుకుందామన్న ఆశ ఎవరికైనా ఉంటుంది. ఆయాసం పిల్లాడి పక్క మాత్రం కొత్తదే వేయాలి.

ఇక పడకగది. పరుపుల్లో, దిండ్లలో కంటికి కనిపించని నల్లుల్లాంటి పురుగులుంటాయి. డస్ట్ మైట్స్ అంటారు. మిల్లీమీటరులో మూడో వంతు ఉంటాయి. మన ఒంటి మీద నుంచి రాలిన చర్మపు పొట్టే వాటి తిండి. గాలిలో తేమ ఎక్కువుంటే వాటికి పండగ. మన డెల్టాలో తేమకు కొదవా! కుట్టవు, కరవవు. వాటి మలమే ఉబ్బసానికి ఎసరు. పాతబడ్డ బూరుగుదూది పరుపు ఇంట్లో ఉంటే పిల్లలకు వద్దు. దుప్పట్లు, గలీబులు వారానికోసారి చేయి పట్టలేనంత వేడినీళ్లలో ఉతికి మండుటెండలో ఆరేయాలి. అయితే ఇక్కడొక నిజం చెప్పుకోవాలి. పరుపుకు కవరొకటి తొడిగి ఊరుకుంటే పెద్ద ఫలితం ఉండదని పరిశోధనలు తేల్చాయి. చెమ్మ, పొగ, దుమ్ము అన్నీ కలిపి తగ్గిస్తేనే తేడా తెలుస్తుంది. అదీ మందు మానకుండా.

అసలు దొంగ పొగ

నన్నడిగితే ఇంట్లో అన్నిటికంటే ముందు వెతకాల్సింది పొగను. ఎందుకంటే దాన్ని మనమే, మన చేత్తోనే వెలిగిస్తాం.

దోమల కాయిల్ సంగతే చూడండి. 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో, ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళికి సమానమని లెక్కగట్టారు. కిటికీలు మూసిన పది బై పది గదిలో, పిల్లాడి మంచం కింద! పోనీ దోమలను వదిలేద్దామా అంటే డెంగీ ఉంది, బోదకాలు ఉంది. దీనికి తాతలనాటి దోమతెరే జవాబు. కరెంటు ప్లగ్గుకు పెట్టే ద్రవం మందుల వాసన కూడా కొందరు పిల్లలకు పడదు. కిటికీలకు జాలీ కొట్టించడం ఒకసారి ఖర్చు, తర్వాత ఎన్నేళ్లయినా గాలి తీసుకోవచ్చు.

పసిపిల్లలకు తలంటి, పిడక నిప్పుల మీద సాంబ్రాణి వేసి, ఆ పొగ మీద తల ఆరబెట్టడం మన ఇళ్లలో ముచ్చట. బాలింత గదిలో కుంపటి పెట్టి తలుపులు బిగించడం ఆనవాయితీ. పెద్దవాళ్ల మనసు నొప్పించనక్కర్లేదు. 'మెత్తటి తువ్వాలుతో తుడిచేద్దాం అత్తయ్యా, డాక్టరు గారు పొగ వద్దన్నారు' అంటే సరి. నెపం డాక్టరు మీదికి పోతుంది! తాతగారి లంక చుట్ట సంగతి కొంచెం కష్టం. అరుగు మీద కాల్చి లోపలికొచ్చినా ఆ పొగ కండువాకు పట్టుకుని ఉంటుంది, ఆ కండువాలోనే మనవడు మొహం దాచుకుంటాడు. ఈ ఒక్క మాట తాతగారికి చెప్పి చూడండి. ఎందరు తాతలు మనవల కోసం చుట్ట మానలేదు!

వంటింటి పొగ కథ కొంత మారింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద డ్వాక్రా మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చింది. 2024లో దీపం-2 పేరుతో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం చేశారు. వంట గ్యాసు మీదికొచ్చింది. స్నానాల వేడినీళ్లు మాత్రం చాలా ఇళ్లలో ఇప్పటికీ పెరట్లో పొయ్యి మీదే. కొబ్బరి డొక్కలు, మట్టలు ఊరికే దొరుకుతుంటే గ్యాసు ఎవరు తగలేస్తారు? రాజుకోవడానికి ఓ ప్లాస్టిక్ కవరు కూడా పడేస్తారు. ఆ పొయ్యి పడకగది కిటికీ కిందే ఉంటుంది! పొయ్యిని పెరటి చివరికి మార్చడానికి పైసా ఖర్చు లేదు. ప్లాస్టిక్ మాత్రం ఎక్కడా వద్దు. భోగిమంటలో పాత టైర్లు వేసే వీధి కుర్రాళ్లకూ ఇదే మనవి. పొగమంచు, చలి, కొత్త ధాన్యం దుమ్ము... అసలే ఉబ్బసం పిల్లలకు గడ్డురోజులవి.

పొగ తగ్గించమంటే వినని వాళ్లు తిండి తగ్గించమంటే వెంటనే వింటారు. అదో విచిత్రం. పెరుగు వద్దు, అరటిపండు వద్దు, కొబ్బరినీళ్లు వద్దు, కమలాపండు అసలే వద్దు. పాపం, రావులపాలెం అరటిపండు ఏం నేరం చేసింది? ఫలానాది తిన్న ప్రతిసారీ ఆయాసం వస్తోందని మీరు గమనిస్తే, డాక్టరు కూడా అవునంటే అదొక్కటి మానండి. మిగతావన్నీ పిల్లాణ్ని తిననివ్వండి.

సూసీ అడిగిన ప్రశ్న

'ఇన్‌హేలరా? అది అలవాటైపోతుందటండీ! ఆఖరికి వాడేదట కదా!' గోదావరి జిల్లాల్లో పిల్లల డాక్టర్లు రోజుకు ఎన్నిసార్లు వింటారో ఈ మాట!

ఇన్‌హేలరు పుట్టిందే ఒక పిల్ల వల్ల. 1950ల్లో అమెరికాలో రైకర్ అనే మందుల కంపెనీ అధిపతి జార్జి మైసన్‌కు సూసీ అనే పదమూడేళ్ల కూతురుండేది. ఉబ్బసం. అప్పట్లో మందు పీల్చాలంటే గాజు బుడ్డీ, రబ్బరు బంతీ. పట్టుకెళ్లడానికి వీల్లేదు, విరిగిపోతుంది. 'అమ్మ జుట్టుకు కొట్టుకునే స్ప్రేలాగా నా మందు ఎందుకు ఉండకూడదు నాన్నా?' అని ఆ పిల్ల అడిగిందట. 1956లో మొదటి ఇన్‌హేలరు అమ్మకానికి వచ్చింది. పిల్లలు అడిగే పిచ్చి ప్రశ్నలను కొట్టిపారేయకూడదని ఇందుకే అనేది.

మాత్రగా మింగితే మందు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరాలి. అందుకే మిల్లీగ్రాముల్లో కావాలి. పీలిస్తే నేరుగా అక్కడికే, మైక్రోగ్రాముల్లో. మిల్లీగ్రాములో వెయ్యో వంతు! స్టిరాయిడ్ అన్న పేరు విని భయపడే తల్లిదండ్రులే, ఆయాసం వచ్చినప్పుడల్లా ఏముందో అడక్కుండా ఇంజెక్షన్ చేయించేస్తారు. అందులో ఉండేది తరచూ అదే స్టిరాయిడ్, ఎన్నో రెట్లు ఎక్కువ మోతాదులో.

అయితే చిన్నపిల్లలు ఇన్‌హేలరు నొక్కుతూ అదే క్షణంలో పీల్చలేరు. మందంతా నాలుక మీద పడుతుంది. అందుకే మధ్యలో స్పేసర్ అనే గొట్టం పెట్టాలి. దుకాణంలో కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. కొనలేకపోతే? దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ పిల్లల డాక్టరు హీథర్ జార్, ఆమె తోటివాళ్లు 1999లో ఒక సంగతి రుజువు చేశారు. అర లీటరు ప్లాస్టిక్ నీళ్ల సీసాతో చేసిన స్పేసర్ కొన్నదానిలాగే పనిచేస్తుందని! ఆయాసంతో వచ్చిన పిల్లల మీద పరీక్షించి మరీ చెప్పారు. ప్రసిద్ధ వైద్య పత్రిక లాన్సెట్‌లో అచ్చయింది.

చేయడం ఇలా. ఖాళీ సీసా అడుగున ఇన్‌హేలరు మూతి ఆకారంలో, సరిగ్గా అంతే కంత చేయాలి. వేడిచేసిన ఇనుప తీగతో పెద్దవాళ్లే చేయాలి. ఇన్‌హేలరు మూతిని అందులో దూర్చి చుట్టూ సందు లేకుండా జిగురుతో మూయాలి. గాలి సందు ఉంటే పనిచేయదు. కేప్‌టౌన్ పరీక్షలో థర్మకోల్ గ్లాసు తేలిపోయింది, మూసిన సీసా నెగ్గింది. పిల్లాడు సీసా మూతి దగ్గర పెదాలు బిగించి ఊపిరి తీసుకోవాలి. ఇన్‌హేలరు బాగా ఊపి ఒక్కసారి నొక్కండి. ఐదారు ఊపిర్లు మామూలుగా తీసి వదలనివ్వండి. రెండోది కావాలంటే మళ్లీ ఊపి, మళ్లీ నొక్కాలి. రెండూ ఒకేసారి నొక్కితే వృథా. మరీ పసివాళ్లకు మాస్కు ఉన్న స్పేసరే కావాలి. సీసాను సబ్బునీళ్లలో ముంచి తీసి, కడగకుండా, తుడవకుండా ఆరనివ్వాలి. గుడ్డతో తుడిస్తే ప్లాస్టిక్‌కు స్థిరవిద్యుత్తు పట్టి మందు గోడలకే అంటుకుపోతుంది. రోజూ వాడే మందు పీల్చాక పుక్కిలించి ఊయాలి. ఇదంతా ఒకసారి మీ డాక్టరు ముందు చేసి చూపించండి. ఏళ్ల తరబడి తప్పుగా పీల్చేవాళ్లు చాలామంది!

చేప మందు మాటేమిటి?

మృగశిర కార్తె వస్తోందంటే గోదావరి, గౌతమి ఎక్స్‌ప్రెస్‌లలో ఆయాసం పిల్లలు, తల్లులు కనిపిస్తారు. హైదరాబాదులో బత్తిన కుటుంబం పంచే చేప ప్రసాదం కోసం. 1845 నుంచి ఇస్తున్నామని ఆ కుటుంబం చెబుతుంది. కరోనాతో మూడేళ్లు ఆగి 2023లో మళ్లీ మొదలైంది. మందుముద్ద పెట్టిన బతికున్న కొర్రమేను పిల్లను మింగించి, 45 రోజులు పథ్యం చెబుతారు. వైద్యశాస్త్ర పరీక్షల్లో అది ఉబ్బసాన్ని నయం చేస్తుందని తేలలేదు. నమ్మకం సంగతి ఎవరిది వారిది, వాదన పెట్టుకోను. ఒక్కటే మాట. చేప మింగించాం కదా అని ఇన్‌హేలరు మాన్పించకండి. ఆ జనంలో, ఆ దుమ్ములో గంటల తరబడి నిలబడే పిల్లాడి జేబులో ఇన్‌హేలరు ఉండితీరాలి.

ఊళ్లోనే ఉన్న దారులు

అమెరికాలోని సియాటిల్‌లో, పేద కుటుంబాల పిల్లల ఇళ్లకు డాక్టర్లు కాదు, అదే వాడలకు చెందిన ఆరోగ్య కార్యకర్తలు వెళ్లారు. చెమ్మ ఎక్కడుంది, పొగ ఎక్కడ, పరుపు ఎలా ఉంది అని కుటుంబంతో కూర్చుని చూశారు. మళ్లీ మళ్లీ వెళ్లారు. ఆ పిల్లలు అత్యవసరంగా ఆసుపత్రికి పరుగెత్తడం తగ్గిందని 2005లో ఫలితాలు వచ్చాయి. చదువుతుంటే మన ఆశా కార్యకర్తే గుర్తొచ్చింది. ఆమె ఇప్పటికే ప్రతి గుమ్మం ఎక్కుతోంది. గర్భిణులు, టీకాలు, జ్వరాల లెక్కలతో పాటు 'రాత్రిళ్లు దగ్గే పిల్లలెవరైనా ఉన్నారా?' అన్న ప్రశ్న ఒకటి చేరితే చాలు. ఆమె అడగకపోతే మీరే చెప్పండి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బళ్లకు ఒకసారి వచ్చి పిల్లలను చూడాలి. వాళ్లు వెతకాల్సిన 30 రకాల సమస్యల జాబితాలో ఆయాసం తెచ్చే ఊపిరి గొట్టాల జబ్బు కూడా ఉంది. ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. బృందం వచ్చేరోజు పిల్లాడు బాగానే ఉంటాడు కాబట్టి ఏమీ కనిపించదు. ముందురోజే టీచరుకు ఒక కాగితం మీద రాసివ్వండి... రాత్రి ఎన్నిసార్లు లేచాడు, ఎన్ని రోజులు బడి మానాడు అని. పెద్ద వైద్యానికి కాకినాడ రంగరాయ వైద్య కళాశాల ఆసుపత్రి ఎప్పట్నుంచో ఉంది. 2023లో రాజమహేంద్రవరం, ఏలూరుల్లో కూడా ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఉబ్బసం ఇన్‌హేలర్లు దేశ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. బ్రాండు పేరు కాక మందు పేరుతో జన ఔషధి దుకాణాల్లో అడిగి చూడండి.

కాలవ గట్టున చెత్త తగలబెడుతున్నారా? బహిరంగంగా చెత్త కాల్చడాన్ని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016 డిసెంబరులో నిషేధించి, 5 వేల రూపాయల జరిమానా పెట్టింది. ఒక్కరు పంచాయతీకి వెళితే గొడవ. డ్వాక్రా సంఘం పదిమంది వెళితే అది ఊరి మాట. రైసుమిల్లు బూడిద సంగతైనా అంతే.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

మాట పూర్తి చేయలేక ముక్కలు ముక్కలుగా మాట్లాడుతున్నా, డొక్కలెగరేస్తున్నా, మెడ దగ్గర గుంట పడుతున్నా, పెదాలు నీలంగా మారుతున్నా తెల్లారేదాకా చూద్దాం అనుకోకండి. గట్టిగా వినిపించే పిల్లికూత ఉన్నట్టుండి ఆగిపోయి, పిల్లాడు డీలా పడితే తగ్గిందని సంబరపడకండి. గాలి లోపలికి పోవడం లేదని అర్థం. నిటారుగా కూర్చోబెట్టి, ఆయాసం తగ్గించే ఇన్‌హేలరు స్పేసరుతో డాక్టరు రాసిచ్చిన ప్రకారం మళ్లీ మళ్లీ ఇస్తూ 108కి ఫోన్ చేయండి. 2005లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆ బండిలో ఆక్సిజన్ ఉంటుంది. నాన్న మోటారుసైకిలు మీద ఉండదు. అర్ధరాత్రి కంగారులో ఏదీ గుర్తుండదు కాబట్టి, ఏ మందు ఎన్నిసార్లు, ఎప్పుడు ఆసుపత్రికి అన్నది డాక్టరు చేతనే తెలుగులో ఒక కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్ తలుపుకు అంటించండి.

మిగతా రోజుల్లో పిల్లాడు పరుగెత్తాలి. 'నువ్వు ఆడకూడదు నాన్నా' అని గట్టు మీద కూర్చోబెట్టిన పిల్లలు ఎందరో! మందు సరిగ్గా పడితే కబడ్డీ ఆడొచ్చు, ఈత కొట్టొచ్చు. ఫుట్‌బాల్ ఆటగాడు బెక్‌హామ్‌కు ఉబ్బసమే. తనకు ఆస్తమా ఉందని నటి ప్రియాంకా చోప్రా 2018లో బాహాటంగా చెప్పింది. వాళ్ల కంటే మన పిల్లలకు దాచుకోవాల్సిందేముంది? డ్రిల్లు మాస్టారికీ, క్లాసు టీచరుకూ విషయం చెప్పండి. మధ్యాహ్న భోజనం ఇంకా కట్టెల మీదే వండే బడి అయితే ఆ పొగ తగలని వరసలో కూర్చోబెట్టమని అడగండి. ఇన్‌హేలరును చీరల కింది నుంచి తీసి బడి సంచిలో, పెన్సిలు బాక్సు పక్కన పెట్టండి. దాని మీద పిల్లాడి పేరూ, తరగతీ రాసి.